బుజ్జి ఇచ్చిన చనువు

పెద్దాయన బతికున్నన్నాళ్ళు ఆ లాండ్రీలో ఎవరూ గట్టిగా నవ్విన పాపాన పోలేదు. ఆస్పత్రుల నుంచీ హోటళ్ళ నుంచీ వ్యాన్లలో మూటలు మూటలుగా దుప్పట్లూ తువ్వాళ్ళూ వచ్చేవి. వాటిని ఉతికి, పిండి, వేడి రోలర్ల మధ్య ఇస్త్రీ చేసి, మడతపెట్టి సాయంత్రానికల్లా తిప్పి పంపేవారు. పెద్దాయన పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి షెడ్డంతా తిరిగేవాడు. అందరినీ 'మీరు' అనేవాడు. నేల తుడిచే ఆవిడతో కూడా "ఇక్కడ తడిగా ఉందండీ, ఎవరైనా జారిపడతారు" అనే చెప్పేవాడు. ఎవరికెంతమంది పిల్లలో, ఎవరింట్లో ఎవరికి జ్వరమో ఒక్కనాడూ అడిగి ఎరగడు. సెలవు కావాలంటే చీటీ రాసివ్వాలి. రాసిచ్చాక కాదనేవాడు కాదు. మనిషి కాదు, గోడగడియారం అని వెనకాల చెప్పుకునేవారు.

ఆయన పోయాక తమ్ముడి కొడుకు వచ్చాడు. ముప్పై దాటాయో లేదో అన్నట్టుండే మనిషి. చొక్కా చేతులు మోచేతుల దాకా మడుచుకుని, మొదటిరోజే మూటల మీదకెక్కి కూర్చున్నాడు.

"సార్ గీర్ ఏమీ వద్దు. ఇంట్లో నన్ను బుజ్జీ అంటారు. మీరూ అలాగే పిలవండి. ఇక్కడ ఓనరూ లేడు, పనివాళ్ళూ లేరు. మనది ఒకే ఇల్లు, అంతే!"

షెడ్డులో ముందు ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు. తర్వాత ఎవరో చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆగకముందే అతను కిందికి దూకి, రోలర్ల దగ్గర నిలబడ్డ మేస్త్రమ్మ రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నువ్వేనా మేస్త్రమ్మవి? అక్కా, నువ్వు లేకపోతే ఈ షెడ్డు ఒక్కరోజు నడవదట కదా! మా పెదనాన్న చెప్పేవాడు."

పెద్దాయన అలాంటి మాట ఎవరితోనైనా అని ఉంటాడంటే ఆమెకు నమ్మకం కుదరలేదు. అయినా సంతోషించింది. ఆమెకు యాభై దగ్గర పడుతున్నాయి. మామూలు పనిమనిషిగా చేరి, మేస్త్రీ అయి, మగవాళ్ళ చేత కూడా పని చేయించే స్థాయికి వచ్చింది. ఆ షెడ్డులో తనను 'నువ్వు' అనే మనిషి అప్పటిదాకా ఒక్కతే, సైరన్.

సైరన్ పెద్ద రోలర్ మీద పని చేసేది. మిషన్ల హోరులో కూడా ఆమె గొంతు షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరికి వినపడేది కాబట్టి ఆ పేరు. ఇద్దరూ ఒకే వారంలో పనిలో చేరారు, ఒకే బల్ల మీద మడతలు పెట్టడం నేర్చుకున్నారు. ఒకరినొకరు తిట్టుకోని రోజు లేదు. "ఒసే దొంగమొహమా, నా గ్లాసేదే?" అంటే "నీ నెత్తిన ఉంది చూసుకోవే, గుడ్డిమేళమా" అని జవాబు. కొత్తగా చేరినవాళ్ళు ఈ ఇద్దరికీ పడదేమో అనుకునేవారు. ఒకరికి ఒంట్లో బాగాలేకపోతే రెండోవాళ్ళు అన్నం దిగక కూర్చుంటారని వాళ్ళకు తర్వాతెప్పుడో తెలిసేది.

బుజ్జి సైరన్‌ను 'వదినా' అన్నాడు. ఆ పిలుపుకు అందరికంటే ఎక్కువ కరిగింది ఆమే.

"నా మొగుడు పోయాక నన్ను వదినా అని పిలిచిన మగాడు లేడే," అంది ఆ రోజు బస్సులో. "మరుదులు ఇద్దరున్నారు, వీధిలో ఎదురైతే తల తిప్పుకుని పోతారు. ఈ పిల్లాడికి నేనేమవుతానని?"

"ఏమీ కావు. అందుకే తేలిగ్గా పిలిచాడు," అంది మేస్త్రమ్మ. కానీ ఆమె కూడా నవ్వుతూనే అంది.

మొదట్లో షెడ్డు నిజంగానే కళకళలాడింది. బుజ్జి వాళ్ళతోపాటే బల్ల మీద కూర్చుని, వాళ్ళ డబ్బాల్లోంచే తినేవాడు. ఎవరి కూతురికి పరీక్షలో, ఎవరి అత్తకు మోకాళ్ళ నొప్పులో అన్నీ గుర్తు పెట్టుకుని అడిగేవాడు. ఆ తర్వాత, ఎప్పుడు మొదలైందో ఎవరూ చెప్పలేరు గానీ, అడగడాలు ఇంకో రకంగా మారాయి.

"వదినా, ఈ ఆదివారం ఒక్కపూట రావా? నీ చేతి మడత ఇంకెవరికీ రాదు."

"అక్కా, ఆ ఆస్పత్రి మూటలు మిగిలిపోయాయి. ఇంకో గంట చూసుకుందామా? మనింటి పనే కదా."

సెలవు చీటీ రాసిస్తే నొచ్చుకునేవాడు. "చీటీ ఏంటక్కా, పరాయివాళ్ళలాగా? నోటితో చెబితే చాలదా?" నోటితో చెప్పిన సెలవులు గాలికి పోయేవి. ఆ రోజు రాగానే "అయ్యో, నువ్వు చెప్పావు కదూ! చచ్చాను, మర్చేపోయాను. ఈసారికి సర్దుకో అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటా" అనేవాడు. నిజంగానే వంగేవాడు కూడా. అంత మనిషి వంగుతుంటే ఎవరు మాత్రం సెలవు తీసుకుంటారు?

బాయిలర్ చూసే అతను ఒకసారి ఎక్కువ గంటల సంగతేదో తేల్చుకొస్తానని చొక్కా సర్దుకుని బుజ్జి గదిలోకి వెళ్ళాడు. అరగంటకు టీ తాగి, మూతి తుడుచుకుంటూ వచ్చాడు.

"లోపలికి పులిలా వెళ్ళావు, బయటికి పిల్లిలా వచ్చావేం?" అని సైరన్ అరిచింది.

"ఏం చెయ్యమంటావు? అడుగుదామని నోరు తెరిచేసరికి భుజం మీద చెయ్యేశాడు. 'అన్నా, నువ్వు కూడానా?' అన్నాడు. ఇక అడగబుద్ధి కాలేదు."

అందరూ నవ్వారు. మేస్త్రమ్మ మాత్రం నవ్వలేకపోయింది. పెద్దాయనకు ఎదురుచెప్పడం కష్టమే. కానీ ఆయన్ని కాదన్న రాత్రి హాయిగా నిద్రపట్టేది. ఈ కుర్రాణ్ణి కాదంటే, ఇంట్లోవాళ్ళకు అన్నం పెట్టకుండా పంపినట్టు మనసు పీకుతుంది. అధికారిని కాదనవచ్చు, తమ్ముణ్ణి ఎలా కాదంటారు?

పెద్ద రోలర్ ముందు అడ్డంగా ఒక కడ్డీ ఉంటుంది. దుప్పటి తోసేటప్పుడు వేళ్ళు దానికి తగిలితే రోలర్ టక్కున ఆగిపోతుంది. దుప్పటి ముడతపడి మందంగా వచ్చినా ఆగుతుంది. ఆగినప్పుడల్లా దుప్పటి వెనక్కి లాగి, సరిచేసి, మళ్ళీ మొదలుపెట్టాలి. ఒక పెద్ద హోటల్‌లో ఏవో సభలు జరుగుతున్నాయని ఆ వారం మూటల మీద మూటలు వచ్చిపడ్డాయి. తొందరలో తోస్తుంటే ముడతలు పడుతున్నాయి, ముడత పడినప్పుడల్లా కడ్డీ ఆపేస్తోంది. సైరన్ కడ్డీనీ, కడ్డీని కనిపెట్టినవాణ్ణీ, వాడి వంశాన్నీ తిడుతోంది.

బుజ్జి వచ్చి కాసేపు చూశాడు. మేస్త్రమ్మను పక్కకు పిలిచాడు.

"అక్కా, ఈ దరిద్రపు కడ్డీని తీగతో కట్టేద్దామా? ఈ హోటల్ పని అయ్యేదాకానే."

"అమ్మో, అది కట్టకూడదు బాబూ. పెద్దాయన దాని మీద చెయ్యి వెయ్యనిచ్చేవారు కాదు."

"నాకు తెలీదా? కానీ ఈ హోటల్‌వాళ్ళు పోయారంటే మన ఇల్లు గుల్లయిపోతుంది. వదిన చెయ్యి తిరిగిన మనిషి. ఏం కాదు."

"ఓనరుగా చెబుతున్నావా?"

"ఛ, ఓనరేంటక్కా!" అని ఆమె గడ్డం పట్టుకున్నాడు. "నీ తమ్ముడు అడుగుతున్నాడు. నా కోసం."

ఆమె వచ్చి సైరన్ పక్కన నిలబడింది.

"ఒసే, ఆ కడ్డీని తీగతో కట్టెయ్యవే. ఈ హోటల్ పని అయ్యేదాకా."

సైరన్ దుప్పటి వదిలి ఆమె వంక చూసింది. "నీకేమైనా పిచ్చా?"

"నేను చెబుతున్నాగా. కట్టెయ్, అంతే. ముసలి దెయ్యంలా వాదించకు."

"నువ్వు చెబితే నూతిలో దూకమన్నా దూకుతాను. నా ఖర్మ," అని సైరన్ తీగ వెతుక్కుంది.

పని పరుగెత్తింది. మర్నాడు మధ్యాహ్నం ఒక దుప్పటి అంచు మెలిక పడింది. సైరన్ దాన్ని సరిచేయబోయింది. దుప్పటితో పాటే ఆమె కుడిచెయ్యి లోపలికి పోయింది.

మేస్త్రమ్మ పరుగెత్తుకెళ్ళి గోడకున్న ఎర్ర బటన్ మీద అరచేత్తో గుద్దింది. రోలర్ ఆగింది. వేడి ఆగదు కదా. పైరోలర్ లేపాలంటే చక్రం చేత్తో తిప్పాలి. బాయిలర్ అతను వచ్చి, చక్రం పట్టుకుని, అది కదిలి, రోలర్ లేచేదాకా సైరన్ ఆ గొంతుతో అరుస్తూనే ఉంది. తర్వాత అరుపు ఆగింది.

బుజ్జి ఏడుస్తూ పరుగెత్తుకొచ్చాడు. "వదినా, నేనున్నాను, నేనున్నాను" అంటూ ఆమె తల ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ ఏడుపు దొంగ ఏడుపని మేస్త్రమ్మ ఆ తర్వాత కూడా ఎప్పుడూ అనలేదు. సైరన్‌తో పాటు తనే అంబులెన్స్‌లో వెళ్ళింది. సాయంత్రం షెడ్డుకు తిరిగొచ్చేసరికి కడ్డీకి తీగ లేదు. కడ్డీ తన చోట తానుంది, ఎప్పుడూ కదలనట్టు.

"తీగ ఎవరు తీశారు?" అంది.

మడతల బల్ల దగ్గరివాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చివరికి బాయిలర్ అతను నోరు విప్పాడు.

"బుజ్జే తీశాడు. అంబులెన్స్ గేటు దాటగానే. 'పాపం వదిన, పాపం వదిన' అని ఏడుస్తూనే తీశాడు."

మర్నాడు సాయంత్రం బుజ్జి మేస్త్రమ్మ ఇంటికి వచ్చాడు. చేతిలో పళ్ళ సంచి. చెప్పులు గుమ్మం బయటే విడిచాడు. ఆమె భర్తకు స్కూటర్లు బాగుచేసే పని. అతను గ్రీజు చేతులతోనే కుర్చీ తుడవబోతే బుజ్జి వద్దని చాప మీద చతికిలబడ్డాడు.

"నాకెందుకు బావా కుర్చీలు? అక్క ఇంటికి వచ్చాను."

టీ అడిగి మరీ తాగాడు. గోడ మీది ఫొటోలు చూసి ఎవరు ఎవరో కనుక్కున్నాడు. అప్పుడు గ్లాసు కింద పెట్టాడు.

"అక్కా, షెడ్డుకు ఫ్యాక్టరీల ఇన్స్పెక్టరు వస్తుందట. ఎవరో ఆడమనిషి. వాళ్ళకు మన సంగతులేం తెలుస్తాయి? ఒక్కమాట చెప్పు చాలు. తొందరలో వదిన తనే కట్టేసుకుందని. వదిన్ని నేను వదిలేస్తానా? చూసుకోనా? ఇంటి గొడవ వీధిలోకెందుకు?"

"కట్టమన్నది నువ్వే కదా బాబూ?"

"నేనా?" అతను నిజంగానే గుర్తు తెచ్చుకుంటున్నట్టు పైకి చూశాడు. "ఏమో అక్కా. ఆ హడావిడిలో ఏం వాగానో. వాగాననే అనుకో, తమ్ముడు తెలీక ఏదో వాగితే అక్క ఆలోచించొద్దూ? పెద్దదానివి నువ్వు."

మేస్త్రమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ అతను చాప మీద ఉన్నాడు, తన గ్లాసులో టీ తాగాడు, ఇంటాయన ఎదురుగా పళ్ళికిలించుకుని నిలబడ్డాడు. ఆమె ఖాళీ గ్లాసు తీసి అవతల పెట్టింది. అతను లేస్తూ ఆమె పాదాల వైపు వంగాడు. ఆమె గబుక్కున కాళ్ళు వెనక్కి లాక్కుంది.

అతను వెళ్ళాక భర్త అన్నాడు. "ఎంత కలుపుగోలు మనిషే! మా ఓనరు ఇన్నేళ్ళలో నన్ను పేరు పెట్టి పిలిచింది లేదు. 'ఏయ్ స్పానరు' అంటాడు."

"ఆ స్పానరన్నవాడు నయం," అంది మేస్త్రమ్మ. "వాడు నిన్ను ఏమనుకుంటున్నాడో నీకు తెలుస్తుంది." పళ్ళ సంచి తీసుకెళ్ళి గుమ్మం బయట విసిరినట్టు పెట్టింది.

"మధ్యలో పళ్ళేం చేశాయే?" అన్నాడు భర్త.

"తిను! తిని అరుగుతాయేమో చూడు!"

తెల్లవారి ఆస్పత్రికి వెళ్ళింది. సైరన్ మంచం మీద వెనక్కి ఆనుకుని కూర్చుంది. కుడిచేతికి మోచేతి దాకా కట్టు. మేస్త్రమ్మను చూసి ఎడమచేత్తో స్టూలు చూపించింది.

"రండి. కూర్చోండి."

మేస్త్రమ్మ ముందు వెనక్కి తిరిగి చూసింది, తన వెనక ఇంకెవరైనా వచ్చారేమోనని. ఎవరూ లేరు.

"నొప్పి ఎలా ఉందే?"

"తగ్గిందండీ. మీరు పని మానుకుని రావడం దేనికి? మీకు శ్రమ."

"నన్ను మీరు అనకు."

"ఏమనమంటారు? మీరు మేస్త్రమ్మ గారు. పని చెప్పారు. నేను చేశాను."

"ఒసే, చంపెయ్యి నన్ను. కానీ ఆ మాట అనకే. నాకది చెప్పింది బుజ్జి. తీగ కట్టమన్నది వాడు."

"నాకు చెప్పింది మాత్రం మీరు." సైరన్ గొంతు ఇంకా పెరగలేదు. అదే మేస్త్రమ్మకు భయంగా ఉంది. "ఒసే అని చెప్పారు కాబట్టి చేశాను. అండీ అని చెప్పి ఉంటే, ఇది ఓనరు హుకుమా, ఎవరి హుకుం అని అడిగేదాన్ని. కాగితం మీద పెట్టమనేదాన్ని. ఒసే అన్నాక ఇంకేం అడుగుతాను? వాడు మిమ్మల్ని అక్కా అని కొన్నాడు, మీరు నన్ను ఒసే అని అమ్మారు."

మేస్త్రమ్మ స్టూలు తన్ని లేచింది. "నిన్ను అమ్మానా? నేను? ఇన్నేళ్ళుగా నీతో కలిసి తిన్నదాన్ని, నీ మొగుడు పోయిన రోజు నీ పిల్లల్ని నా పక్కలో పడుకోబెట్టుకున్నదాన్ని, నేను అమ్మానా?"

"మరి అప్పుడెందుకు అడగలేదే వాణ్ణి?" సైరన్ గొంతు ఒక్కసారిగా వార్డంతా నింపింది. "నోరెక్కడ పెట్టుకున్నావే? నా మీద లేచే నోరు వాడి ముందు ఎందుకు లేవలేదే, సిగ్గులేనిదానా? నా చెయ్యే! నా కుడిచెయ్యే!"

"లేవలేదు! తప్పే! గడ్డం పట్టుకుని తమ్ముణ్ణన్నాడు, ఐసైపోయాను! కొట్టు నన్ను!"

"ఏ చేత్తో కొట్టనే?"

నర్సు పరుగెత్తుకొచ్చింది. "ఇది ఆస్పత్రా, బస్టాండా? చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఇప్పుడు అరుచుకుంటే ఏం లాభం..." అని, ఏ మంచం ముందు ఏ సామెత వాడిందో తెలిసి నాలుక కరుచుకుంది.

సైరన్ ఆమె వంక చూసింది. తర్వాత నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. మేస్త్రమ్మ కొంగుతో ఆమె ముక్కు తుడిచింది. సైరన్ తుడవనిచ్చింది.

"నిన్ను క్షమించాననుకోకు," అంది సైరన్ కాసేపటికి. "నిన్న ఇన్స్పెక్టరమ్మ వచ్చింది. నువ్వు కట్టమంటే కట్టానని చెప్పాను. అదే నిజం. వాడు నాకు చెప్పలేదు. నేను చెప్పని అబద్ధం నువ్వూ చెప్పకు."

"చెప్పను."

"వాడి పేరు చెబుతావా మరి?"

మేస్త్రమ్మ పడిపోయిన స్టూలు లేపి, మంచం దగ్గరికి లాక్కుని కూర్చుంది.

విచారణ బుజ్జి గదిలో జరిగింది. ఇన్స్పెక్టరు కళ్ళజోడు పెట్టుకున్న సన్నటి ఆవిడ, నవ్వదు, కసరదు. బాయిలర్ అతన్నీ మడతల బల్ల నుంచి ఇద్దరినీ కూడా కూర్చోబెట్టారు. బుజ్జి ఆ రోజు చొక్కా చేతులు మడుచుకోలేదు, ఇస్త్రీ చొక్కాకు చేతి గుండీలు కూడా పెట్టుకున్నాడు.

"ఆవిడ చాలా అనుభవం ఉన్న మేస్త్రీ గారండీ," అన్నాడు మేస్త్రమ్మను చూపించి. "రోలర్ల విభాగమంతా వారి పర్యవేక్షణలోనే ఉంటుంది. అక్కడ జరిగే ప్రతి విషయం నా దృష్టికి రాదు."

మేస్త్రమ్మ అతని నోటి వంక చూస్తూ ఉండిపోయింది. మొన్న చాప మీద కూర్చున్న మనిషి నోట్లో ఇన్ని బహువచనాలు ఎక్కడ దాక్కున్నాయి?

"మీరు చెప్పండి," అంది ఇన్స్పెక్టరు. "కడ్డీ కట్టమని మీరే చెప్పారని రోలర్ దగ్గర పనిచేసే ఆవిడ అంటున్నారు. నిజమేనా?"

"నిజమేనండీ. నేనే చెప్పాను."

బుజ్జి బయటికి తెలిసేంత గట్టిగా ఊపిరి వదిలాడు. మేస్త్రమ్మ ఇన్స్పెక్టరు వైపు నుంచి అతని వైపు తిరిగింది.

"బుజ్జీ. నాకు చెప్పింది నువ్వు."

రాసుకుంటున్న ఇన్స్పెక్టరు తలెత్తి చూసింది.

"చూడండి, మీరు కాస్త..." అన్నాడు బుజ్జి.

"మీరేంటి? 'మీరు' ఎప్పటి నుంచయ్యాను నేను? వచ్చిన మొదటిరోజే నా చేతులు పట్టుకుని 'నువ్వు' అన్నావు. ఓనరుగా చెబుతున్నావా అని నేను అడిగాను. నా గడ్డం పట్టుకుని, నీ తమ్ముడు అడుగుతున్నాడు అన్నావు. అన్నావా లేదా? అక్కను కదా, అడుగుతున్నాను, చెప్పు!"

"మేడం, ఈవిడకు మతి..."

"ఆ తీగ ఎవరు తీశారో చెప్పు. మా సైరన్‌ని అంబులెన్స్‌లోకి ఎక్కించి, అది గేటు దాటగానే ఏడుస్తూ ఏడుస్తూ తీగ తీసింది ఎవరు? మొన్న మా ఇంటికి వచ్చి, మా చాప మీద కూర్చుని, వదినే కట్టుకుందని చెప్పమన్నది ఎవరు? ఎవర్రా అది?"

ఆ చివరి 'రా' ఆమె అనాలనుకుని అన్నది కాదు. అది వినగానే బుజ్జి మొహం ఎర్రబడింది. కుర్చీ వెనక్కి తోసి లేచాడు.

"ఏయ్! ఎవర్ని పట్టుకుని రా అంటున్నావ్? నా దగ్గర జీతం తీసుకునేదానివి నువ్వు! చనువిస్తే చంకనెక్కి కూర్చుంటారు మీరంతా! ఏదో సరదాగా ఒకమాట అంటే, కట్టేసి చెయ్యి కాల్చుకుని నా నెత్తికి చుడతారా?"

ఆ మాటలు పూర్తయ్యాకనే అవేమిటో అతనికి తెలిసినట్టుంది. ఇన్స్పెక్టరు కళ్ళజోడు సర్దుకుంది.

"ఏ మాటండీ?"

"అంటే..."

"సరదాగా ఒకమాట అన్నారన్నారు కదా. ఆ మాటేదో చెప్పండి. రాసుకుంటాను."

బుజ్జి కూర్చున్నాడు. నీళ్ళ గ్లాసు అందుకున్నాడు గానీ తాగలేదు. అప్పుడు బాయిలర్ అతను గొంతు సవరించుకున్నాడు. ఎవరి వంకా చూడకుండా, నేలకు చెబుతున్నట్టుగా, తీగ తీసింది ఎవరో చెప్పాడు.

వచ్చింది పూర్తి న్యాయం కాదు. బుజ్జిని ఎవరూ జైల్లో పెట్టలేదు. లాండ్రీకి జరిమానా పడింది. సైరన్ వైద్యమూ నష్టపరిహారమూ లాండ్రీయే భరించాలని తీర్పొచ్చింది. కడ్డీ చుట్టూ ఎవరూ విప్పలేని పెట్టె బిగించి, సీలు వేసేదాకా పెద్ద రోలర్ తిరగలేదు. ఇన్స్పెక్టరు రాసిన దాంట్లో మేస్త్రమ్మ తప్పు కూడా ఉంది. మేస్త్రీ పని పోయింది. ఉతికే మిషన్ల దగ్గర తడి బట్టలు తీసి తోపుడుబండిలో వేసే పని ఇచ్చారు. చేరిన కొత్తలో చేసిన పనే. ఆమె దాని మీద ఒక్క మాట కూడా ఎదురాడలేదు. ఆ శిక్ష తనదేనని ఆమెకు తెలుసు.

ఆమెకు కోపం తెప్పించింది వేరే. బుజ్జి ఇప్పుడు అందరినీ 'మీరు' అంటున్నాడు. పెద్దాయన 'మీరు' లాంటిది కాదు అది, తలుపు వేసుకున్నట్టుండే 'మీరు'. షెడ్డులో సగం మంది ఆ తప్పు మేస్త్రమ్మదే అన్నట్టు మొహం చాటేస్తున్నారు.

"ఎంత బాగుండేవాడు," అంది మడతల బల్ల ఆవిడ ఒకరోజు, వినపడాలనే. "మన డబ్బాలో చెయ్యిపెట్టి తినేవాడు. నోరు జారి ఆ పలకరింపు కూడా లేకుండా చేశారు."

మేస్త్రమ్మ తడి దుప్పటి బండిలోకి విసిరికొట్టింది. "మన డబ్బాలోది తిన్నాడు! వాడి డబ్బా నువ్వెప్పుడైనా చూశావా? వాడింటికి నువ్వు వెళ్ళి చాప మీద కూర్చోగలవా? బుజ్జీ అని పిలవమన్నాడు, పిలిచావా ఒక్కసారైనా గట్టిగా, నలుగురిలో? నేను పిలిచాను. ఏమైందో చూశావుగా!"

"అందుకే పిలవకూడదు," అంది ఆవిడ.

ఆ రోజంతా మేస్త్రమ్మ మిషన్ తలుపులు దడేలున మూస్తూనే ఉంది.

కొన్ని నెలలకు సైరన్ తిరిగి పనికి వచ్చింది. కుడిచేతి రెండు వేళ్ళు వంగవు. తువ్వాళ్ళు వేరుచేసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఎడమచేత్తో చెంచా పట్టడం నేర్చుకుంది, ఎడమచేత్తో కొట్టడం అంతకన్నా ముందే నేర్చుకుంది. మేస్త్రమ్మ మీద కోపం మాత్రం పూర్తిగా పోలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక్కోసారి ఉన్నట్టుండి ఆగి, తన చేతి వంక చూసుకుని, ఆ పూటంతా పలకదు. అలాంటప్పుడు మేస్త్రమ్మ పక్కనే కూర్చుంటుంది, బతిమాలదు. ఎప్పుడు తిడుతుందా అని ఎదురుచూస్తుంది.

రోలర్లకు కొత్త మేస్త్రీ వచ్చాడు. చదువుకున్న కుర్రాడు, మెత్తని మనిషి. ఒక సాయంత్రం మూటలు మిగిలిపోయాయి. అతను తోపుడుబండి మీద చెయ్యేసి, తల పక్కకు వాల్చి నవ్వాడు.

"అమ్మా, ఇంకో రెండు గంటలు ఉండవా? మా అమ్మలాంటిదానివి కదా, నాకోసం."

మేస్త్రమ్మ బండి మీంచి అతని చెయ్యి తీసి పక్కన పెట్టింది.

"మీ అమ్మగారు ఖాళీగా ఉంటే ఆవిణ్ణి పిలవండి బాబూ. నాకు బస్సుంది. ఉండాల్సిందే అంటారా, ఎవరు ఉండమన్నారో, ఎన్ని గంటలో, దానికి ఏమిస్తారో రాసి ఆ గోడకు అంటించండి. చదివి చెబుతాను."

అతని నవ్వు సగంలో ఆగింది. నొచ్చుకున్నట్టే ఉంది. పాపం, చెడ్డవాడు కాకపోవచ్చు కూడా. ఆమెకు అది తెలుసుకునే ఓపిక లేదు. చేతులు తుడుచుకుని, సంచి భుజాన వేసుకుని, బస్సుకు నడిచింది.